మెరుపు ముందు, నొప్పి వెనుక

అమరచింత,
సెప్టెంబరు 2024

మా ఇంటి ఉమకు,

పోస్టుమాన్ నా ఉత్తరం ఇవ్వగానే ఏ కబురోనని గుండె దడదడలాడి ఉంటుంది. అంతా క్షేమమే. కొన్నాళ్ళు ఫోను పక్కన పెట్టమని డాక్టరమ్మ చెప్పింది. ఆ తెర వెలుతురు కళ్ళలో పడితే నాకు తలనొప్పి లేస్తోంది. "నువ్వు చెప్పు, నేను ఫోన్ల మాట్లాడ్త" అన్నాడు మా ఆయన. కానీ నీతో చెప్పాలనుకున్నవి ఆయన నోటితో చెప్పించేవి కావు. పైగా మీ ఇంట్లో ఫోను మోగిందంటే మగ్గాలు ఆగిపోయి అందరూ చెవులు రిక్కిస్తారు. నేను పుట్టిన ఇల్లే కదా, నాకు తెలియదా? అందుకే కాగితం తీశాను. బడి మానేశాక ఇంత పొడుగు రాయడం ఇదే.

వినాయక చవితి వెళ్ళిన వారంలో ఒక పొద్దున మగ్గానికి నూలు కండెలు చుడుతున్నాను. చూస్తుండగానే రాట్నం సగమే కనిపించింది. ఎడమవైపు సగం లేదు. కళ్ళు నులుముకున్నాను. ఆ లేని చోట అద్దం ముక్కలు ఎండలో తళుక్కుమన్నట్టు మెరుపులు. అవి పోయాక ఎప్పుడూ వచ్చే నొప్పే, తల ఒక పక్క గొడ్డలి పెట్టి చీల్చినట్టు, వాంతులు. ఒంటి తలనొప్పి నాకు చిన్నప్పటి నుంచీ ఉన్నదే. చూపు సగం పోవడం మాత్రం ఎన్నడూ లేదు. నాకు భయమేసింది, మా ఆయనకు నాకంటే ఎక్కువ భయమేసింది. వెంటనే వనపర్తి దవాఖానకు తీసుకుపోయాడు.

అక్కడి డాక్టరమ్మ నొప్పి గురించి కన్నా, నొప్పికి ముందు ఏమవుతుందన్నదే ఎక్కువగా అడిగింది. బీపీ చూసింది, గుండె చప్పుడు విన్నది, ఈసీజీ తీయించింది. "తలకాయ నొస్తుందని వస్తె గుండె చూస్తుందేంది" అని మా ఆయన నా చెవిలో గొణిగాడు. ఆమె విననే విన్నది. కోపం చేసుకోలేదు, నవ్వింది.

"తలకాయకు రక్తం పోయేది గుండె నుంచే గదన్నా. మెరుపులు కనపడి నొప్పి లేసేటోళ్ళకు రక్తనాళాలు మూసుకపోయే ముప్పు మిగతావాళ్ళ కంటె జర ఎక్కువ. మెదడులనన్న, గుండెలనన్న. అందరికీ గట్లయితదని కాదు, శానా మందికి ఏం కాదు. కానీ బీపీ ఒకటి, తంబాకు ఒకటి దానికి తోడైతే మాత్రం మంచిది కాదు."

నాకు బీపీ ఉందట. ఎప్పటి నుంచి ఉందో దేవుడికే తెలియాలి. తమలపాకులో తంబాకు సంగతి నీకు తెలిసిందే. ఇంట్లో ఎవరికైనా పక్షవాతం వచ్చిందా అని కూడా అడిగింది. మా నాన్న దాంతోనే పోయాడని చెప్పాను. తంబాకు డబ్బీ వనపర్తి బస్టాండులోనే పారేసి వచ్చాను, ఉమా. నోరు పీకుతోంది. సోంపు నములుతున్నాను.

ఇన్నేళ్ళ నా నొప్పి గురించి ఒక మనిషి కుర్చీ దగ్గరికి జరుపుకొని అంతసేపు అడగడం నా జన్మలో ఇదే మొదలు. ఇంటికొచ్చాక ఎందుకో ఏడుపొచ్చింది. మంచి ఏడుపే.

సరే, అసలు మాట. మొన్న ఎండాకాలం మా ఇంటికి వచ్చినప్పుడు, వంటింట్లో గోడకు నుదురు ఆనించి నిలబడ్డావు. ఏమైందంటే ఏమీ లేదన్నావు. నీకూ మెరుపులు కనిపిస్తాయా? నిజం రాయి.

నీ వదిన,
చంద్రకళ

*

గద్వాల,
అక్టోబరు 2024

చంద్రకళ వదినకు నమస్కారాలు.

నీ ఉత్తరం అందింది. నా పేరు మీద ఇంటికి ఉత్తరం రావడం ఎంత బాగుందో. పోస్టుమాన్ వీధి చివర నుంచే పేరు పిలిచాడు, చుట్టుపక్కల వాళ్ళంతా చూశారు.

అత్తమ్మ "ఏం రాసింది నా బిడ్డ" అని అడిగితే బీపీ సంగతి, తంబాకు సంగతి చదివి వినిపించాను. "నేను ఎన్నిమార్లు మానుమన్న! తల్లి చెప్తె ఇనలే గానీ, డాక్టరమ్మ చెప్తె ఇన్నది" అని కాసేపు కోప్పడి, తరువాత జమ్ములమ్మకు దండం పెట్టుకుంది. ఆ రోజంతా నీ గురించే మాట్లాడింది. నీకు బీపీ గోలీలు దొరుకుతున్నాయో లేదో అడగమంది.

నాది మామూలు తలనొప్పే వదినా. ఎండలో తిరిగితే వస్తుంది, నిద్ర తక్కువైతే వస్తుంది. శొంఠి అరగదీసి పట్టు వేసుకుంటే తగ్గిపోతుంది. నొప్పి వచ్చినప్పుడు అత్తమ్మ పడుకోమంటుంది. నువ్వేమీ మనసులో పెట్టుకోకు.

దసరా చీరలు అయిపోయాయి, పెళ్ళిళ్ళ చీరలు మొదలయ్యాయి. మీ తమ్ముడు ఒక మగ్గం మీద, నేను ఒక మగ్గం మీద. ఆడపిల్లలిద్దరూ బాగా చదువుకుంటున్నారు. నీ ఆరోగ్యం జాగ్రత్త. నా గురించి ఆలోచించి అడిగినందుకే కడుపు నిండిపోయింది.

నీ మరదలు,
ఉమ

*

అమరచింత,
నవంబరు 2024

ఉమా,

నీకు అబద్ధం రాయడం చేతకాదు. మా అమ్మ నిన్ను పడుకోమంటుందా? ఆమె కడుపున పుట్టిన నన్నే ఎన్నడూ పడుకోమనలేదు. "నువ్వు పంటె కండెలు నీ తాత చుడ్తడా?" అనేది. ఆమెను తప్పు పట్టడానికి రాయడం లేదు. నాన్న పోయిన నాటికి తమ్ముడు ఇంకా మీసాలు రాని పిల్లవాడు. మగ్గం ఒక్క పూట ఆగితే ఆ ఇల్లు ఎట్లా ఉండేదో చూసినదాన్ని. ఆ భయం ఇప్పటికీ ఆమెను వదల్లేదు. కానీ ఆ ఇంట్లో నొప్పి వచ్చిన మనిషికి ఎవరూ చాప పరచరని నాకు తెలుసు. నా దగ్గర అత్తను వెనకేసుకొచ్చావు చూడు, దానికి మాత్రం నీకు దండం పెట్టాలి.

రెండోసారి వనపర్తి వెళ్ళి వచ్చాను. బీపీ దిగింది. మెరుపులు మళ్ళీ రాలేదు. ఈసారి డాక్టరమ్మ ఇంకొకటి అడిగింది. "పిల్లలు కాకుండ గోలీలు ఏమన్న మింగుతున్నవా?" అని. నాకు ఎప్పుడో ఆపరేషన్ అయిందని చెప్పాను. ఎందుకమ్మా అంటే, ఆ గోలీల్లో కొన్ని రకాలు రక్తం గడ్డకట్టడానికి దారిస్తాయట. మామూలు వాళ్ళకు పెద్దగా భయం లేదట. మెరుపులొచ్చే తలనొప్పి ఉన్నవాళ్ళకు మాత్రం వాటిని ఇవ్వరట.

బస్సులో తిరిగి వస్తుంటే నీ మీదికి పోయింది నా ఆలోచన. నీ చిన్న బిడ్డకు ఇప్పుడు ఆరేళ్ళు. అమ్మ జాతర జాతరకూ మనవడి కోసం మొక్కుతూనే ఉంది. నువ్వు మాత్రం మళ్ళీ నీళ్ళోసుకోలేదు. ఎట్లా అని నేను అడగకూడదు, నాకు సంబంధం లేదు కూడా. అయినా అడుగుతున్నాను. కోపం వస్తే ఈ కాగితం చింపేయి. కోపం రాకపోతే జవాబు రాయి.

చంద్రకళ

*

గద్వాల,
డిసెంబరు 2024

వదినా,

నీ ఉత్తరం వచ్చి చాలా రోజులైంది. రాద్దామని కూర్చోవడం, రెండు ముక్కలు రాసి మడిచేయడం, ఇదే పని అయింది. కోపం రాలేదు. ఎవరో నా భుజం మీద చెయ్యి వేసినట్టు అనిపించింది. అంతే.

నాకు మెరుపులు వస్తాయి. చిన్నమ్మాయి పుట్టాక మొదలయ్యాయి. ముందు చూపు నడుమ ఒక చుక్క తళుక్కుమంటుంది. అది మెల్లగా పెరుగుతుంది. పెరిగి, మనం చీర అంచుకు నేసే కోటకొమ్మ లాగా ముక్కులు ముక్కులుగా వంపు తిరుగుతుంది. ఆ ముక్కులన్నీ వణుకుతూ మెరుస్తాయి. దాని లోపల ఏముందో కనిపించదు. కుడిచేతి వేళ్ళు తిమ్మిరెక్కుతాయి, పెదవి పక్కన కూడా. కొంతసేపటికి అదంతా పోయి, నొప్పి మొదలవుతుంది. ఆ మెరుపుల్లో నేసినప్పుడు అంచులో పోగులు తప్పుతాయి. అత్తమ్మ వేలితో తడిమే పట్టేస్తుంది. "కండ్లు యాడ పెట్టినవ్?" అంటుంది. కళ్ళలో కోట కనిపిస్తోందని చెబితే దయ్యం పట్టిందంటారని చెప్పలేదు.

గోలీలు మింగుతున్నాను. చిన్నమ్మాయి నడక నేర్చిన నాటి నుంచి. ఆ కాన్పులో నాకు రక్తం పోయి ఎట్లా అయిందో నువ్వు దగ్గరుండి చూశావు. మళ్ళీ ఆ మంచం ఎక్కలేను. మనవడు వద్దని అత్తమ్మతో అనలేను. మందుల షాపులో అడిగి తెచ్చుకున్నాను, ఏ డాక్టరునూ అడగలేదు. బియ్యం డబ్బా అడుగున పెట్టుకుంటాను. మీ తమ్ముడికి తెలుసు. తెలియనట్టు ఉంటాడు. ఒక్కోసారి ఆయనే ముందు డబ్బాలో చెయ్యి పెట్టి, ఉన్నాయో లేవో చూసి, ఏమీ ఎరగనట్టు బయటికి పోతాడు. ఆయన చేయగలిగిన సాయం అదే, నేను కాదనను.

నువ్వు మా అత్తమ్మ కన్నబిడ్డవు. ఈ మాట నీకు చెప్పడం తప్పో ఒప్పో తెలియదు. మా అమ్మకు కూడా చెప్పనిది నీకు చెప్పాను. ఇప్పుడు కొంచెం ఊపిరాడుతోంది.

ఉమ

*

అమరచింత,
డిసెంబరు 2024

ఉమా,

నీ ఉత్తరం చదివి, పొయ్యి మీద కూర దింపి, వనపర్తి బస్సెక్కాను. చీర కూడా మార్చుకోలేదు. నీ పేరు చెప్పలేదు. "నాకు తెలిసిన ఒక పిల్ల" అన్నాను. డాక్టరమ్మ రాస్తున్న పెన్ను పక్కన పెట్టింది.

"ఎవరో నాకు తెల్వకున్నా మంచిదే. గా గోలీ ఇయ్యాల్టి సంది మింగొద్దని చెప్పు. వాళ్ళ ఊరి దవాఖానకు పోయి, నాకు గిట్ల మెరుపులొస్తయి, చెయ్యి తిమ్మిరి లేస్తది అని నోరు తెర్సి చెప్పమను. పిల్లలు కాకుండ వేరే దార్లు శానా ఉన్నయి, రక్తం గడ్డకట్టియ్యనివి. సిగ్గు పడొద్దను. సిగ్గు కంటె పానం పెద్దది" అంది. నేను లేచి వస్తుంటే, "అమ్మా, ఆ పిల్ల మంచిగున్నదని నాకొచ్చి చెప్పాలె" అని కూడా అంది.

అమ్మకు నేను చెప్పను. నీ మాట నీదే. కానీ నువ్వు చెప్పు. నీకేమైనా అయితే నోరు విప్పి చెప్పగల మనిషి ఆ ఇంట్లో ఒక్కరైనా ఉండాలి. తమ్ముడు మంచివాడే, కానీ సమయానికి వాడి గొంతు పెగలదు. అమ్మ అరుస్తుంది. అరవనీ. అరిచిన తరువాత ఆమె ఏం చేస్తుందో నాకు తెలుసు. నాన్న పోయాక మమ్మల్ని ఇద్దరినీ నిలబెట్టింది ఆమె ఒక్కతే.

ఆలస్యం చేయకు.

నీ వదిన

*

గద్వాల,
జనవరి 2025

వదినా,

చెప్పేశాను.

అత్తమ్మ కండెలు చుడుతోంది. ఎదురుగా వెళ్ళి కూర్చున్నాను. మెరుపుల సంగతి, చేతి తిమ్మిరి, గోలీలు, అన్నీ చెప్పాను. చెబుతున్నంతసేపూ నేల వైపే చూశాను. రాట్నం ఆగింది.

"ఎప్పటి సంది?" అంది.

చెప్పాను.

"నా కొడుక్కు ఎరుకేనా?"

తలూపాను.

"అంటె గీ ఇంట్ల తెల్వంది నాకొక్కదానికే" అంది. మళ్ళీ రాట్నం తిప్పింది. అరవలేదు వదినా. అరిస్తే బాగుండేది. ఆ నాటి నుంచి నాతో ఒక్క మాట లేదు. అన్నం పెడితే తింటుంది, లేచిపోతుంది. జాతర మొక్కు మాట కూడా ఎత్తడం లేదు.

నీకు కోపం వస్తుందని తెలుసు, అయినా దాచను. గోలీల పట్టీ సగంలో ఉంది. నడుమ ఆపితే ఇంకేమవుతుందోనని అది పూర్తి చేస్తున్నాను. జమ్ములమ్మ జాతర ముందుకొచ్చింది. అప్పటికి ఇవ్వాల్సిన చీరలు రెండు మగ్గాల మీదా ఉన్నాయి. జాతర కాగానే దవాఖానకు పోతాను, ఒట్టు. మీ తమ్ముడు కూడా తోడు వస్తానన్నాడు.

నువ్వు నా కోసం కూర దింపి బస్సెక్కిన సంగతి తలుచుకుంటే, నాకు అక్క లేని లోటు ఏమీ లేదనిపిస్తోంది.

ఉమ

*

గద్వాల,
ఫిబ్రవరి 2025

బిడ్డ చంద్రకళకు,

నేను నాగేంద్రమ్మను, మీ అమ్మను. నేను చెప్తుంటె నీ తమ్ముడు వెంకటస్వామి రాస్తున్నడు. నేను ఎట్ల చెప్తె గట్లనే రాయాలె, తన సొంత మాట ఒక్కటి గూడ పెట్టొద్దు అన్న.

కర్నూలు దవాఖానకు నువ్వు వచ్చినవ్, చూసినవ్, ఏడ్సినవ్. ఉమ పక్కకు పండుకోనుండె, ఆమె ముందర నేను ఏం చెప్పలేకపోతి. ఇప్పుడు ఇంటికొచ్చినం. చెప్త ఇను.

ఆ దినం పొద్దుగాల ఉమ మొగ్గం మీద ఉండె. నేను పక్కకు కండెలు చుడ్తున్న. ఆమెతోని మాట బంద్ పెట్టి ఉంటి గదా, మొఖం అటు పెట్టుకోని కూసున్న. పోగుల నడుమ తోలే నాడె కింద పడ్డ సప్పుడైంది. పడ్డది, తీస్కుంటదిలే అనుకున్న. తీయలే. తిరిగి చూస్తె కుడి చెయ్యి బట్ట లెక్క యాలాడుతుంది. "ఏమైందే?" అన్న. ఏదో అంటుంది, మాట ముద్ద ముద్ద అయింది. మూతి ఒక పక్కకు గుంజుకపోయింది.

తమ్ముడు వచ్చి, "తలకాయ నొస్తుందేమో అమ్మా, ఎప్పుడొచ్చేదే గదా, జర పండుకోనియ్యి" అన్నడు. (ఈ మాట రాయను అంటుండు. రాసినదాంక నేను లేవ అని కూసున్న.)

గప్పుడు నాకు మీ నాయిన కండ్లల్ల మెదిలిండు. ఆయనకు గూడ గట్లనే మూతి వంకర పోయింది. గాలి సోకిందన్నరు. పసరు తాపి పండవెట్టినం. తెల్లారేసరికి సగం మనిషి పోయిండు, మిగిలిన సగం నెల దినాలకు పోయింది. మూతి వంకర పోయినప్పుడే తీసుకరావాలె గదమ్మా అని తెల్లారి దవాఖానల డాక్టరు అన్న మాట ఇన్నేండ్లు నా చెవులల్లనే ఉంది.

"పండవెట్టొద్దు! లేవదీయ్! ఫోన్ కొట్టు బండికి!" అని ఒర్లిన. వాడకట్టంత ఉరికొచ్చింది. 108 బండి వచ్చింది. ఈడ దవాఖానల చూసి, ఆలస్యం చెయ్యకుండ అదే బండిల కర్నూలుకు తోలిచ్చిన్రు. బండిల ఉమ చెయ్యి నా చేతులనే ఉంది. ఆమె నా మొఖమే చూస్తుంది, మాట రాదు. మాట బంద్ పెట్టింది నేను, మాట పోయింది ఆమెకు. గా తొవ్వంత నేను ఎట్లున్ననో ఆ జమ్ములమ్మకే ఎరుక.

ఆడ తలకాయ ఫోటో తీసిన్రు. ఒక సారు వచ్చి, "ఏం రోగాలున్నయ్, ఏం మందులు వాడ్తది?" అని అడిగిండు. తమ్ముడు తల వంచుకున్నడు. సుట్టు శానా మంది ఉన్నరు. నేనే చెప్పిన. "సారూ, నా కోడలుకు కండ్లల్ల మెరుపులొస్తయ్, ఎన్క ఒంటి తలకాయ నొప్పి లేస్తది. పిల్లలు కాకుండ గోలీలు మింగుతది. మా ఇంటాయన పచ్చవాతంతోని పోయిండు." గంత మందిల చెప్పిన బిడ్డా. సిగ్గు కాలే.

ఆ సారు నా భుజం తట్టిండు. "జల్దీ తెచ్చినవ్, అన్ని సక్కగ చెప్పినవ్" అన్నడు. గడ్డ కరిగేటందుకు సూది ఇచ్చిన్రు. మర్నాటికి ఉమ చెయ్యి జర లేసింది. మూతి సక్కగయింది. మాట ఇంక జర తడబడ్తది, కానీ వస్తది. మొదట ఏం మాట్లాడిందో ఎరుకేనా? "అత్తమ్మా, చీర అయిపోలే" అన్నది. నేను ఏడ్సిన, నవ్విన, రెండూ చేసిన.

మనుమడు లేకుంటె లేకపాయె. ఇద్దరు బంగారాలు ఉన్నరు నా ఇంట్ల.

నువ్వు ఆమెకు ధైర్యం చెప్పకుంటె ఆమె నాకు గోలీల మాట చెప్పకపోవు. నాకు ఎరుక లేకుంటె ఆ సారుకు నేనేం చెప్తు? నీకు మొక్కుత బిడ్డా. తల్లి బిడ్డకు మొక్కొద్దంటరు, అయినా మొక్కుత. బీపీ గోలి మర్వకు.

మీ అమ్మ

*

అమరచింత,
మార్చి 2025

ఉమా,

నువ్వు జవాబు రాయనక్కర్లేదు. వేళ్ళకు బలం వచ్చేదాకా తమ్ముడితో ఫోనులో ఒక మాట చెప్పించు, చాలు. నాకు ఇప్పుడు ఫోను పట్టుకుంటే నొప్పి రావడం లేదు. అయినా ఉత్తరమే రాయబుద్ధయింది.

అమ్మ చెప్పిన ఉత్తరాన్ని మా ఆయనకు చదివి వినిపించాను. సగంలో ఆయన లేచి వాకిట్లోకి పోయాడు. ఏమైందంటే కంట్లో నలుసు పడిందన్నాడు.

నిన్న వనపర్తి వెళ్ళాను. నా వంతు రాకముందే డాక్టరమ్మ నన్ను గుర్తుపట్టింది. "ఆ పిల్ల ఎట్లుంది?" అని వాకిలి నుంచే అడిగింది. "నా మరదలు అమ్మా, ఉమ పేరు" అన్నాను. జరిగినదంతా చెప్పాను. ఆమె నా రెండు చేతులూ పట్టుకుంది. తరువాత, "మీ అమ్మ ఏం చదువుకుంది?" అంది. ఏమీ చదువుకోలేదని చెప్పాను. "ఆమెకు నా నమస్కారం చెప్పు. పండుకోనియ్యకుండ లేవదీసింది, అదే కోడల్ని కాపాడింది" అంది. ఆ మాట అమ్మకు ఫోనులో చెప్పాను. "సరే గానీ, ఏం కూర వండినవ్?" అంది.

నువ్వు ఆ పట్టీ ఆపలేదని కోపం చేయాలనుకున్నాను. చేయలేను. బతికి ఉన్నావు, నాకది చాలు. గుండె పరీక్షలు కూడా మంచిగా వచ్చాయని తమ్ముడు చెప్పాడు. రక్తం పలచబడే గోలీలు ఎన్నడూ తప్పించకు. ఇవి మాత్రం బియ్యం డబ్బాలో దాచకు, దేవుడి పటం ముందు పెట్టు, అందరికీ కనపడేట్టు.

ప్రేమతో,
చంద్రకళ

*

గద్వాల,
మే 2025

వదినా,

ఇది నా చేత్తోనే రాస్తున్నాను. కోడి గెలికినట్టు ఉంటుంది, ఓపిగ్గా చదువుకో. బంతి పిసకమని, గింజలు ఏరమని వ్యాయామాలు చెప్పారు. ఉత్తరం రాయడం కూడా వ్యాయామమేనని మీ తమ్ముడు కలం తెచ్చి ఇచ్చాడు.

ఎవరికి ఎంతని దండాలు పెట్టను! బండి తోలిన మనిషి పేరు కూడా నాకు తెలియదు. సూది ఇచ్చిన డాక్టరు ముఖం సరిగ్గా గుర్తులేదు. నీ డాక్టరమ్మను నేను ఇంతవరకు చూడనే లేదు. ఇంతమంది తలా ఒక చెయ్యి వేసి నన్ను ఇవతలి గట్టుకు లాగారు. ఉదయం లేచి రెండు కాళ్ళూ నేల మీద ఆనగానే వాళ్ళందరినీ తలుచుకుంటాను. వరసలో మొదట నువ్వు ఉంటావు.

నాగర్‌కర్నూల్ నుంచి మా అమ్మ వచ్చి, కొన్నాళ్ళు తీసుకుపోతానంది. అత్తమ్మ ఒప్పుకోలేదు. "నువ్వే ఈడ ఉండు వదినె. పిల్లను బస్సుల కుదిపెయ్యొద్దు" అని మా అమ్మనే ఆపేసింది. ఇద్దరూ కలిసి నాకు ఉప్పు తగ్గించిన కూరలు తినిపిస్తున్నారు. వాటి రుచి గురించి నేనేమీ రాయను.

ఒకనాడు పక్కింటావిడ చూడటానికి వచ్చింది. మంచి మనిషే, నోరు ఆగదు. "ఇగ మొగపిల్లగాడు ఎట్లనే నాగేంద్రమ్మా, ఇంటి పేరు నిలవడాలె గదా?" అంది. అత్తమ్మ చింతపండు పిసుకుతోంది. తల ఎత్తకుండానే, "మనిషి నిలవడ్డది. పేరుతోని ఏం పని?" అంది. ఆవిడ చాయ్ తాగి వెళ్ళిపోయింది.

ఇంకొక సంగతి. పిల్లలు కాకుండా ఆపరేషన్ నాకు చేయిస్తారనుకున్నాను. అత్తమ్మ మీ తమ్ముడిని పిలిచి, "దాని పానానికి ఇంకో కోత వద్దు. మొగోళ్ళకు గూడ చేస్తరంట, సిన్నదే అంట. నువ్వు పో" అంది. ఆయన ముఖం నువ్వు చూడాల్సింది! కానీ పోయాడు, చేయించుకుని వచ్చాడు. ఈసారి ఏమీ ఎరగనట్టు ఉండలేదు. నా మంచం పక్కన కూర్చుని, "ఇగ నువ్వు ఏం దాచుకునే పని లేదు" అన్నాడు. పెళ్ళయినప్పటి నుంచి ఆయన నాతో మాట్లాడిన మాటల్లో అదే పెద్దది.

మెరుపులు పూర్తిగా పోలేదు. తగ్గాయి, అప్పుడప్పుడు వస్తున్నాయి. వస్తాయనే చెప్పారు డాక్టర్లు. వచ్చిన ప్రతిసారీ భయపడొద్దు, కానీ పక్షవాతం కాదు కదా అని ఇంట్లో వాళ్ళు చూడాలని అత్తమ్మకు నేర్పించి పంపారు. ఆమె ఆ చదువును ఎంత శ్రద్ధగా పట్టుకుందో చెప్పలేను.

ఇవాళ పొద్దున మళ్ళీ వచ్చాయి. నేను అనకముందే అత్తమ్మ నా కళ్ళు చూసి కనిపెట్టింది. మీ తమ్ముడి మగ్గం ఆపించింది. పక్కింటి మగ్గం కూడా ఆగింది. ఎప్పుడు వెళ్ళి చెప్పిందో మరి. కిటికీకి దుప్పటి కట్టింది. చాప పరిచింది. నన్ను కూర్చోబెట్టి, ఎదురుగా గొంతుక్కూర్చుంది.

"నీ పేరు చెప్పు."

"ఉమ."

"నా పేరు?"

అత్త పేరు ఎట్లా పలకను? నేను ఊరుకుంటే ఆమెకు కంగారు పుట్టింది. "చెప్పే, చెప్పు, ఏం కాదు!" అంది. "నాగేంద్రమ్మ" అన్నాను. ఊపిరి వదిలింది.

"రెండు చేతులు లేపు."

లేపాను. కుడిచెయ్యి కొంచెం వణికింది గానీ కిందికి జారలేదు.

"ఇగ నవ్వు" అంది. మూతి వంకర పోయిందో లేదో చూడటానికి.

వదినా, నేను ఈ ఇంటికి వచ్చిన నాటి నుంచి అత్తమ్మ నాకు చాలా పనులు చెప్పింది. నవ్వమని చెప్పడం మాత్రం ఇప్పుడే వింటున్నాను. తల ఒక పక్క పగిలిపోతోంది, కళ్ళ నిండా నీళ్ళు, అయినా నవ్వాను. ఆమె నా గడ్డం పట్టుకుని వాకిలి వెలుతురు వైపు తిప్పి, ఆ చివర ఈ చివర నింపాదిగా చూసింది.

"మంచిగుంది" అంది. "ఇంకొకసారి నవ్వు."

నీ ఉమ